గిటారు పెట్టెకు తగిన లౌడ్ స్పీకరు

రేడియోలో అమర్చిన లౌడ్ స్పీకరు తన ఉనికిని ఎంత తక్కువగా తెలియనిస్తే అంత మంచిది. స్టూడియోలో పాడినవారి గొంతు ఎట్లా ఉన్నదో, ఇంట్లో వినేవారికి అట్లాగే వినపడాలి. స్పీకరు తనంతట తాను ఏమీ కలపకూడదు, ఏమీ మింగకూడదు. ఎలక్ట్రిక్ గిటారు సంగతి ఇందుకు పూర్తిగా భిన్నము. చాలా ఎలక్ట్రిక్ గిటార్లకు బోలు పెట్టె ఉండదు. దిట్టమైన చెక్కపలక మీద తీగలు బిగించి ఉంటాయి. తీగను మీటితే గాలిలో పుట్టే శబ్దము పక్కగదిలోకి కూడా పోదు. తీగల కింద ఉన్న అయస్కాంతపు పికప్‌లో ఆ కంపనము సన్నని విద్యుత్ సంకేతముగా మారుతుంది. ఆంప్లిఫయరు ఆ సంకేతాన్ని పెంచుతుంది. లౌడ్ స్పీకరు దానిని తిరిగి శబ్దముగా మార్చిన తరువాతనే గిటారు ధ్వని అనేది పుడుతుంది. పనసకర్రను తొలిచి చేసిన కుండ వీణకు ఎటువంటిదో, ఎలక్ట్రిక్ గిటారుకు స్పీకరూ, దానిని బిగించిన పెట్టే అటువంటివి. పాలకొల్లులో పుట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని వాయించి ప్రసిద్ధులైన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) కచేరీలు విన్నవారికి ఈ మాట కొత్తగా తోచదు.

స్పీకరు వాద్యములో భాగమే అనడానికి ఒక వింత ఉదాహరణ ఉన్నది. 1964లో ఇంగ్లండులో కింక్స్ అనే బృందములోని డేవ్ డేవీస్ అనే యువకుడు తన చిన్న ఆంప్లిఫయరులోని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. తెగిన కాగితము బరబరలాడింది. ఆ ధ్వనితోనే రికార్డు చేసిన పాట ఆ ఏడు అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. రేడియోలు బాగుచేసేవాడెవడైనా ఆ స్పీకరును చూస్తే వెంటనే మార్చమనేవాడు.

కాబట్టి గిటారు స్పీకర్లను పోల్చేటప్పుడు 'ఏది ఎక్కువ యథాతథముగా వినిపిస్తుంది?' అన్న ప్రశ్నకు చోటు లేదు. మరి దేనిని బట్టి ఎంచుకోవాలి? స్పీకరు వెనుక అంటించిన చీటీ మీద, తయారుచేసినవారు ఇచ్చే వివరాల కాగితము మీద మూడు అంకెలు ఉంటాయి: ఓములు, వాట్లు, డెసిబెళ్ళు. మొదటి రెండూ తప్పితే డబ్బు పోతుంది. ఒక్కొక్కప్పుడు ఆంప్లిఫయరే పోతుంది. మూడవదానిని చాలామంది చదవనే చదవరు. నాలుగవది నాదగుణము. దానిని ఏ అంకే చెప్పదు. అక్కడ చెవిని నమ్మాలి. అయితే చెవి సులభముగా మోసపోతుంది. ఎట్లా మోసపోతుందో తెలిసినవాడే సరిగా పోల్చగలడు.

లోపల ఏమున్నది?

కదిలే తీగచుట్ట గల స్పీకరుకు 1898లోనే ఆలివర్ లాడ్జ్ పేటెంటు తీసుకున్నాడు. కాని అప్పటికి ఆంప్లిఫయరు లేదు. వాల్వులు వచ్చిన తరువాత, 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన నమూనాయే నేటి స్పీకర్లన్నిటికీ మూలము. గుండ్రని అయస్కాంతపు ధ్రువాల మధ్య సన్నని సందు. ఆ సందులో ఎటూ తగలకుండా వేలాడే తీగచుట్ట. చుట్టకు అంటించిన కాగితపు గరాటు. దీనినే కోను అంటారు. ప్రవాహము ఒక దిశలో పోతే చుట్ట ముందుకు, రెండవ దిశలో పోతే వెనుకకు కదులుతుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమము పాఠము చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. మూలపడ్డ రేడియోలోని స్పీకరు తీగలకు 1.5 వోల్టుల టార్చి సెల్లును ఒక్క క్షణము తాకించి తీస్తే, కోను ముందుకో వెనుకకో ఉలిక్కిపడటము కంటికి కనిపిస్తుంది. సెల్లును తిప్పి తాకిస్తే దిశ మారుతుంది.

ఓములు

స్పీకరు మీద 4, 8 లేక 16 ఓములు అని ఉంటుంది. ఇది మల్టీమీటరుతో కొలిచే నిరోధము కాదు. 8 ఓముల స్పీకరును మీటరుతో కొలిస్తే 6 లేక 7 ఓములే చూపిస్తుంది. చీటీ మీద ఉన్నది ఏకాంతర ప్రవాహానికి చుట్ట కలిగించే అడ్డంకి, అనగా ఇంపెడెన్సు. అది కూడా ఒకే అంకె కాదు, పౌనఃపున్యముతోపాటు మారుతుంది. కోను సహజ పౌనఃపున్యము వద్ద, అనగా పన్నెండు అంగుళాల గిటారు స్పీకరులో సుమారు 75 హెర్ట్జ్‌ల దగ్గర, అది చీటీ మీది అంకెకు అనేక రెట్లు అవుతుంది. పై పౌనఃపున్యాలలో చుట్ట ప్రేరకత్వము వల్ల మళ్ళీ పెరుగుతుంది. చీటీ మీద రాసినది ఈ రెంటి మధ్యనున్న లోయకు దగ్గరి విలువ.

వాల్వు ఆంప్లిఫయరుకు చివర ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. వాల్వులకూ స్పీకరుకూ పొత్తు కుదిర్చేది అదే. ఆంప్లిఫయరు వెనుక 16 ఓములు అని రాసి ఉంటే దానికి తగిలించే స్పీకర్ల మొత్తము ఇంపెడెన్సు 16 కావాలి. స్పీకరే తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరు వేసి వాయించటము అన్నిటికంటె ప్రమాదము. ట్రాన్స్‌ఫార్మరులోని ప్రవాహము హఠాత్తుగా మారినప్పుడు పుట్టే అధిక వోల్టేజి పోవడానికి దారి లేక చుట్టల మధ్యనున్న ఇన్సులేషన్‌ను ఛేదిస్తుంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు ఖాళీగా ఉంటే నష్టము లేదు. దానికి భయము తక్కువ ఓములు. 8 ఓములకు చేసిన దానికి 4 ఓములు తగిలిస్తే ప్రవాహము రెట్టింపై ట్రాన్సిస్టర్లు కాగిపోతాయి.

ఒకే పెట్టెలో నాలుగు స్పీకర్లు పెట్టే పద్ధతి ఉన్నది. 1960ల తొలి సంవత్సరాలలో లండనులో జిమ్ మార్షల్ దుకాణము నుంచి వచ్చిన నాలుగు పన్నెండంగుళాల పెట్టె దీనికి ప్రసిద్ధ నమూనా. నాలుగు 16 ఓముల స్పీకర్లు తీసుకుందాము. రెండేసి శ్రేణిలో కలిపితే 32 ఓముల జతలు రెండు వస్తాయి. ఆ రెండు జతలను సమాంతరముగా కలిపితే మళ్ళీ 16. ఓము నియమము మీద ఇంతకంటె ఉపయోగకరమైన ఇంటి లెక్క లేదు.

వాట్లు

ఇక్కడ ఒక భ్రమ ఉన్నది. స్పీకరు మీది వాట్లు ఆ స్పీకరు ఇచ్చే శబ్దాన్ని చెప్పవు. అది కాలిపోకుండా తట్టుకొనే విద్యుత్ సామర్థ్యాన్ని మాత్రమే చెబుతాయి. పేరును చూసి కూడా మోసపోరాదు. ఇంగ్లండుకు చెందిన సెలెస్టియన్ కంపెనీ 1980ల మధ్యలో 'వింటేజ్ 30' అనే స్పీకరును విడుదల చేసింది. దాని సామర్థ్యము 30 వాట్లు కాదు, 60.

తట్టుకోవలసినది ముఖ్యముగా వేడి. ఒక వాటుకు, ఒక మీటరు దూరములో 100 డెసిబెళ్ళు ఇచ్చే స్పీకరు చాలా సమర్థమైనదని పేరు. అయినా లెక్క వేస్తే, అది తనకు అందిన విద్యుత్తులో సుమారు 6 శాతాన్ని మాత్రమే శబ్దముగా మారుస్తుంది. 97 డెసిబెళ్ళ స్పీకరు 3 శాతము. ఇళ్ళలో పాటలు వినడానికి వాడే చిన్న స్పీకర్లలో చాలావాటికి ఒక శాతము కూడా రాదు. తక్కినదంతా సందులో ఇరుక్కున్న ఆ తీగచుట్టలో వేడి అవుతుంది. 50 వాట్లు అంటే టంకము పెట్టే కడ్డీ వంటిది కాగితానికి అంటించి ఉన్నట్లు. జిగురు కరిగితే చుట్ట ఊడుతుంది; తీగ కాలితే స్పీకరు మూగబోతుంది. కాలకపోయినా వేడి ప్రభావము వినపడుతుంది. రాగి నిరోధము ప్రతి సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగుతుంది. చుట్ట 150 డిగ్రీలు వేడెక్కితే నిరోధము ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు మీట అంతే ఉన్నా స్పీకరు తక్కువ విద్యుత్తును తీసుకొని కొంత నెమ్మదిస్తుంది.

30 వాట్ల ఆంప్లిఫయరుకు 30 వాట్ల స్పీకరు చాలునా? గిటారు వాయించేవారు ఆంప్లిఫయరును దాని హద్దు దాటించి, సంకేతపు శిఖరాలు తెగేటట్లు వాయించటము సాధారణము. ఆ 30 వాట్లు శిఖరాలు తెగని సైను తరంగానికి కొలిచినవి. శిఖరాలు బాగా తెగితే తరంగము చతురస్రాకారానికి దగ్గరవుతుంది. ఒకే శిఖర వోల్టేజి గల సైను తరంగము కంటె చతురస్ర తరంగములో సామర్థ్యము సరిగ్గా రెట్టింపు. అందుచేత ఒంటి స్పీకరు పెట్టెలో ఆంప్లిఫయరు వాట్లకు రెట్టింపు తట్టుకొనే స్పీకరు పెట్టుకోవటము వివేకము.

వేర్వేరు స్పీకర్లను కలిపేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 15 వాట్లు తట్టుకొనే స్పీకరునూ 60 వాట్లు తట్టుకొనే స్పీకరునూ, ఒకే ఓములు గలవి, పక్కపక్కన కలిపితే మొత్తము 75 వాట్ల పెట్టె అవుతుందని అనుకోవటము పొరపాటు. రెండూ సామర్థ్యాన్ని సమానముగా పంచుకుంటాయి. 30 వాట్లు దాటగానే చిన్నది తన హద్దు దాటుతుంది. కనుక అది 30 వాట్ల పెట్టె మాత్రమే. ఓములు కూడా వేరైతే, ఉదాహరణకు 8, 16 ఓముల స్పీకర్లను సమాంతరముగా కలిపితే, 8 ఓములది రెండవదానికి రెట్టింపు సామర్థ్యాన్ని లాగుకుంటుంది.

డెసిబెళ్ళు

ఎక్కువ మేలు చేసేదీ, తక్కువమంది చూసేదీ ఈ అంకె. ఒక వాటు విద్యుత్తు ఇచ్చి, స్పీకరుకు ఎదురుగా ఒక మీటరు దూరములో శబ్ద తీవ్రతను కొలుస్తారు. డెసిబెల్ లఘుగణకపు కొలత. సామర్థ్యము 10 రెట్లు పెరిగితే 10 డెసిబెళ్ళు, రెట్టింపైతే సుమారు 3 డెసిబెళ్ళు పెరుగుతాయి.

సెలెస్టియన్ కంపెనీవే మరి మూడు పన్నెండంగుళాల స్పీకర్లను చూద్దాము. 'బ్లూ' 15 వాట్లు తట్టుకుంటుంది. దాని తీవ్రత 100 డెసిబెళ్ళు. 'గ్రీన్‌బ్యాక్' 25 వాట్లు, 98 డెసిబెళ్ళు. 'జి12టి-75' 75 వాట్లు, 97 డెసిబెళ్ళు. ఈ అంకెలు కంపెనీ ప్రకటించినవే. 75 వాట్లదే అన్నిటికంటె పెద్ద శబ్దము ఇస్తుందని ఎవరైనా అనుకుంటారు. 15 వాట్ల ఆంప్లిఫయరు ఒకటి తెచ్చి రెంటికీ తగిలిస్తే ఏమవుతుంది? 15 వాట్లకు పెరిగేది సుమారు 11.8 డెసిబెళ్ళు. బ్లూ 111.8 ఇస్తుంది, 75 వాట్లది 108.8 మాత్రమే. ఈ రెండవ స్పీకరు మొదటిదానితో సమానము కావాలంటే 30 వాట్ల ఆంప్లిఫయరు కావాలి. అంటే 3 డెసిబెళ్ళ తేడా ఆంప్లిఫయరును రెట్టింపు చేయటముతో సమానము. పెద్ద ఆంప్లిఫయరు కొనడానికి డబ్బు కూడబెట్టుకుంటున్న విద్యార్థికి ఇది తెలియవలసిన సంగతి.

అయితే బ్లూకు 15 వాట్లకు మించి పెట్టరాదు. 75 వాట్లదానికి పూర్తిగా 75 పెడితే 115.8 డెసిబెళ్ళ దాకా పోతుంది. చిన్న ఆంప్లిఫయరు ఉన్నవారికి ఒకటి, పెద్ద ఆంప్లిఫయరు ఉన్నవారికి మరియొకటి. గదిలో మెల్లగా వాయించుకోవాలనుకునే వారికి తక్కువ డెసిబెళ్ళ స్పీకరే అనుకూలము. ఇరుగుపొరుగువారికి కూడా.

నాదగుణము

గిటారులో అన్నిటికంటె మంద్రమైన తీగ 82 హెర్ట్జ్‌లు. 22 మెట్ల గిటారులో అన్నిటికంటె పైనున్న స్వరము సుమారు 1,175 హెర్ట్జ్‌లు. తక్కినవన్నీ అనుస్వరాలు. గిటారు స్పీకర్లు దాదాపు 75 నుంచి 5,000 హెర్ట్జ్‌ల వరకు మాత్రమే పలుకుతాయి. ఆ తరువాత ధ్వని నిటారుగా పడిపోతుంది. మనిషి చెవి 20,000 దాకా వినగలదు గదా, ఇది లోపము కాదా అన్న సందేహము కలుగుతుంది. ఇక్కడ అదే గుణము. శిఖరాలు తెగిన సంకేతములో అనుస్వరాలు చాలా పైదాకా పుడతాయి. వాటిని యథాతథముగా వినిపించే స్పీకరుకు తగిలిస్తే తేనెటీగల గుంపును డబ్బాలో పెట్టి ఊపినట్లుంటుంది. గిటారు స్పీకరు ఆ పైభాగాన్ని వడకట్టి పారవేస్తుంది.

మిగిలిన భాగములోనూ స్పీకరు నిష్పక్షపాతముగా ఉండదు. తక్కువ పౌనఃపున్యాలలో కోను అంతా ఒక్క ముక్కగా ముందుకూ వెనుకకూ కదులుతుంది. కొన్ని వందల హెర్ట్జ్‌లు దాటిన తరువాత కాగితము ఒక్క ముక్కగా ఉండలేదు. నీటి మీద అలలు లేచినట్లు, దాని భాగాలు వేర్వేరుగా వంగుతూ కంపిస్తాయి. కొన్ని పౌనఃపున్యాల వద్ద ఈ కంపనాలు కలిసి శబ్దాన్ని పెంచుతాయి, కొన్నిటి వద్ద పరస్పరము రద్దు చేసుకుంటాయి. ముఖ్యముగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య వచ్చే ఎత్తుపల్లాలే ఒక్కొక్క స్పీకరుకు దాని గొంతును ఇస్తాయి. మన చెవి కూడా ఆ భాగములోనే మిక్కిలి సున్నితము. కాగితపు మందము, అది అతుకుతో చేసినదా, అచ్చులో పోసినదా, మీద వలయాకారపు మడతలు ఉన్నవా, నడుమ అంటించిన టోపీ ఎంతటిది, ఇవన్నీ ఆ గొంతును మారుస్తాయి. సంగీతాన్ని యథాతథముగా వినిపించే స్పీకర్ల తయారీదారులు ఈ వంపులను అణచడానికి ఏళ్ళు ఖర్చు పెట్టారు. గిటారు స్పీకరు చేసేవారు వాటిని ఎంపిక చేసి అట్టే ఉంచుతారు.

అయస్కాంతాల గురించి వాదాలు ఎక్కువ. తొలినాటి స్పీకర్లలో శాశ్వత అయస్కాంతము బదులు విద్యుదయస్కాంతము ఉండేది. 1931లో జపాను శాస్త్రజ్ఞుడు తొకుషిచి మిషిమా ఇనుములో నికెల్, అల్యూమినియం కలిపి బలమైన శాశ్వత అయస్కాంత లోహాన్ని కనిపెట్టాడు. కోబాల్టు కూడా చేరి అది ఆల్నికో అయింది. 1950ల గిటారు స్పీకర్లు ఎక్కువగా ఆల్నికోవి. తరువాత ఇనుప ఆక్సైడుతో చేసే ఫెర్రైటు అయస్కాంతాలు చవకగా వచ్చాయి. 1978లో ఆఫ్రికాలోని జైరు దేశములో, కోబాల్టు గనులున్న షాబా ప్రాంతములో జరిగిన యుద్ధము వల్ల కోబాల్టు ధర విపరీతముగా పెరిగి, ఆల్నికో స్పీకర్ల తయారీ చాలావరకు తగ్గిపోయింది. 1980లలో వచ్చిన నియోడిమియము అయస్కాంతాలు ఎంతో తేలిక. నాలుగు స్పీకర్ల పెట్టెను మోసేవారికి ఆ మేలు వెంటనే తెలుస్తుంది. ఆల్నికో పలుకు మెత్తననీ, ఫెర్రైటు పలుకు గట్టిదనీ అంటారు. కాని ఆల్నికో స్పీకర్లకు కాగితమూ, చుట్టా కూడా సాధారణముగా వేరుగానే ఉంటాయి. కనుక వినపడే తేడా అంతా అయస్కాంతముదే అని చెప్పటము తొందరపాటు.

ఆంప్లిఫయరు కూడా ఈ కథలో చేరుతుంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులు చాలావరకు స్పీకరు ఓములు ఎట్లా మారినా ఇచ్చే వోల్టేజిని మార్చవు. వాల్వు ఆంప్లిఫయరు అట్లా కాదు. ఓములు ఎక్కువైన చోట ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. అందుచేత 75 హెర్ట్జ్‌ల శిఖరము వద్ద మంద్రము ఉబ్బుతుంది. పై పౌనఃపున్యాలలో మెరుగు పెరుగుతుంది. ఒక స్పీకరును ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుతో విని, ఇంటికి తెచ్చి వాల్వు ఆంప్లిఫయరుకు తగిలించిన తరువాత 'ఇది ఆ స్పీకరు కాదు' అనుకోవడానికి కారణము ఇదే.

పెట్టె

కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనుకనున్న గాలి పలచబడుతుంది. అంటే వెనుక నుంచి వచ్చే తరంగము ముందరిదానికి వ్యతిరేక దశలో ఉంటుంది. 100 హెర్ట్జ్‌ల తరంగ దైర్ఘ్యము సుమారు 3.4 మీటర్లు. అరమీటరు పలక చుట్టూ తిరిగి వచ్చిన వెనుక తరంగము ముందరిదానిని చాలావరకు చెరిపివేస్తుంది. అందువల్ల వెనుక తెరచి ఉన్న పెట్టెలో మంద్రము తక్కువ. అయితే శబ్దము గది అంతా పరుచుకుంటుంది. వెనుక మూసిన పెట్టెలో ఈ రద్దు ఉండదు. మంద్రము గట్టిగా వస్తుంది, శబ్దము ముందుకే పోతుంది. మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగువలె పనిచేసి కోను సహజ పౌనఃపున్యాన్ని కొంత పైకి నెడుతుంది. ఒక పెట్టెలో బాగున్న స్పీకరు మరియొక పెట్టెలో అట్లాగే ఉంటుందని అనుకోరాదు.

దీనిని తరగతిలో చూపవచ్చు. చిన్న స్పీకరుకు పాట ఇచ్చి చేతిలో పట్టుకుంటే గొంతు కీచుగా, పలచగా ఉంటుంది. మీటరు చదరపు అట్టకు స్పీకరు కోను అంత రంధ్రము చేసి దాని వెనుక స్పీకరును ఆనిస్తే మంద్రము ఒక్కసారిగా పుట్టుకొస్తుంది. ఆంప్లిఫయరు నుంచి ఒక్క చుక్క విద్యుత్తు కూడా అదనముగా రాలేదని విద్యార్థులకు గుర్తు చేయాలి.

చెవితో పోల్చటము

ఇప్పుడు రెండు స్పీకర్లు ఎదురుగా ఉన్నాయి. ఒకటి 97, రెండవది 100 డెసిబెళ్ళు. ఆంప్లిఫయరు మీట కదపకుండా ఒకదాని తరువాత ఒకటి వింటారు. రెండవది నిండుగా, స్పష్టముగా, మంద్రముతో వినిపిస్తుంది. దానినే కొంటారు. జరిగిన పొరపాటు ఏమిటి?

అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రకటించిన పరిశోధన దీనికి జవాబు ఇస్తుంది. చెవి అన్ని పౌనఃపున్యాలకు సమానముగా స్పందించదు. శబ్దము మెల్లగా ఉన్నప్పుడు మంద్ర స్వరాలను చాలా తక్కువగా పట్టుకుంటుంది. తీవ్రత పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. కాబట్టి ఏ శబ్దమైనా కొంచెము పెంచితే చాలు, నాదము నిండినట్లు తోస్తుంది. రెండవ స్పీకరు మెరుగైనది అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. ఆ పరీక్షలో తెలిసినది అది 3 డెసిబెళ్ళు ఎక్కువ అన్న మాట మాత్రమే. ఆ సంగతి కాగితము మీద ముందే ఉన్నది.

ప్రయోగశాలలో ఏ ప్రయోగానికైనా వర్తించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది: మారవలసినది ఒక్కటే. అదే ఆంప్లిఫయరు, అదే పెట్టె, అదే చోటు, అదే గిటారు పలుకు. పలుకును ఒకసారి రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ ఆంప్లిఫయరులోకి పంపగల సాధనము ఉంటే వేళ్ళ తేడా కూడా పోతుంది. తీవ్రతను సమము చేయడానికి చేతిఫోనులోని శబ్ద కొలమానము చాలు. దాని అంకె నిజమైనదా కాదా అన్నది అక్కరలేదు, రెండు స్పీకర్లకూ ఒకే అంకె వచ్చేటట్లు ఆంప్లిఫయరు మీట తిప్పితే సరిపోతుంది. స్పీకర్లను మార్చే పని మరొకరికి అప్పగించి, ఏది పలుకుతున్నదో తెలియకుండా వినటము ఇంకా మేలు. చీటీ మీది పేరు కూడా చెవిని ప్రభావితము చేస్తుంది.

నిలబడే చోటు గురించి వేరుగా చెప్పాలి. పన్నెండంగుళాల స్పీకరు కోను వాస్తవ వ్యాసము సుమారు 26 సెంటీమీటర్లు. 2,000 హెర్ట్జ్‌ల తరంగ దైర్ఘ్యము 17 సెంటీమీటర్లు మాత్రమే. తరంగ దైర్ఘ్యము కోను కంటె చిన్నదైనప్పుడు శబ్దము టార్చిలైటు వెలుగువలె సన్నని దారిలో ముందుకు పోతుంది. పెట్టె నేల మీద ఉండి, వాయించేవాడు దాని పక్కన నిలబడితే మెరుగు స్వరాలు అతని మోకాళ్ళను దాటిపోతాయి. పలుకు మందముగా ఉన్నదని మీట పెంచుతాడు. ఎదురుగా మొదటి వరుసలో కూర్చున్నవాడి చెవులలో అది సూదులు గుచ్చినట్లుంటుంది. స్పీకర్లను పోల్చేటప్పుడు చెవి రెంటికీ ఒకే కోణములో, ఒకే దూరములో ఉండాలి. రికార్డు చేసిన పోలికలను వినేటప్పుడూ ఈ చిక్కే. మైకు కోనుకు దగ్గరగా ఉన్నప్పుడు నడిమి టోపీ నుంచి అంచు వైపు కొన్ని సెంటీమీటర్లు జరిపినా నాదము మారిపోతుంది. ఆ మార్పు రెండు స్పీకర్ల మధ్య తేడాను మించవచ్చు కూడా.

పాత స్పీకరు కొనదలచినవారు వినకముందే రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. మల్టీమీటరుతో కొలిస్తే 8 ఓములది 6-7, 16 ఓములది 12-13 ఓముల ప్రాంతములో చూపాలి. ఏమీ చూపకపోతే చుట్ట తెగినట్లే. తరువాత రెండు చేతుల వేళ్ళతో కోనును నడిమి టోపీ చుట్టూ సమానముగా, మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. గరగర వినపడితే చుట్ట అయస్కాంతాన్ని రాసుకుంటున్నదని అర్థము. ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు ఉంటే టార్చి సెల్లు పరీక్ష కూడా అవసరము: ఒకే విధముగా తాకించినప్పుడు రెండు కోనులూ ఒకే వైపుకు కదలాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనుకకూ కదిలితే, ఎంత ఖరీదైన స్పీకర్లయినా, మంద్రము మాయమవుతుంది. తీగలను అటుది ఇటు, ఇటుది అటు మార్చితే తిరిగి వస్తుంది. ఈ పరీక్షలన్నీ ఆంప్లిఫయరు తీగ ఊడదీసిన తరువాతనే చేయాలి. వాల్వు ఆంప్లిఫయరు అయితే, స్పీకరు తీగ మళ్ళీ బిగించినది లేనిది చూసుకొనిగాని స్విచ్చి వేయరాదు.